తెలుగు సారుకు నాలుగు రోజుల ఫ్రెంచ్

విజయవాడ వన్ టౌన్‌లో, స్టీలు సామాన్ల గోడౌను పైన ఒక గది. మే నెల, సోమవారం, పొద్దున్న పదకొండు గంటలు. ఇంటర్మీడియెట్ కాలేజీలో తెలుగు చెప్పే విఠల్ గారు, ఒకప్పటి ఆయన విద్యార్థిని శాంభవి.

“మళ్ళీ చెప్పమ్మా. బల్ల ఆడదా?”

“ఆడదే సార్. లా తాబ్ల్. స్త్రీలింగం.”

“కుర్చీ?”

“లా షేజ్. అదీ స్త్రీలింగమే.”

“ఆ కుర్చీలో కూర్చుని పాఠం చెప్పే మనిషి?”

“లె ప్రొఫెసర్. పుంలింగం.”

“చెప్తున్నది నువ్వు కదా?”

“నేను చెప్పినా పుంలింగమే సార్. పాత వ్యాకరణం అంతే. ఈమధ్యే మారుస్తున్నారు.”

“శభాష్. బల్లకి ఆడతనం ఇచ్చారు, పాఠం చెప్పే ఆడపిల్ల దగ్గర లాక్కున్నారు. నాగరికులు!”

“మన తెలుగు మాత్రం తక్కువ తిందా సార్? రాముడు వచ్చాడు. సీత వచ్చింది. గేదె వచ్చింది. సీతకీ గేదెకీ ఒకటే క్రియ. ఇంటర్‌లో మీరు చెప్పిందే.”

“నేను అలా చెప్పలేదు. ‘మహతి’ అని గౌరవంగా పేరు పెట్టి చెప్పాను.”

“పేరు గౌరవంగానే పెట్టారు సార్. కట్టేసింది గేదె పక్కన.”

“నీకు నోరు పెరిగిందమ్మాయ్.”

“మీ క్లాసులో పెరగనివ్వలేదు కదా, తర్వాత పెంచుకున్నాను. పేజీ తిప్పండి. ఎత్ర్. అంటే ఉండటం. జె సుయి, నేను ఉన్నాను. తు ఎ, నువ్వు ఉన్నావు. ఇలె, అతడు ఉన్నాడు. ను సొమ్, మేము ఉన్నాము. వు జెత్, మీరు ఉన్నారు. ఇల్ సొఁ, వాళ్ళు ఉన్నారు.”

“జె సుయి, తు ఎ, ఇలె. ను సొమ్, వు జెత్, ఇల్ సొఁ. ఆహా, నడక ఉందే! మూడూ మూడూ. కాస్త సర్దితే ద్విపదలో కూర్చోబెట్టచ్చు.”

“కూర్చోబెట్టకండి సార్. శుక్రవారం డెమోలో రాగం తీస్తే కొంప మునుగుతుంది.”

“తీయకపోతే తేలుతుందా?”

“ఒక వాక్యం చెప్పండి. ‘నేను తెలుగు లెక్చరర్ని.’”

“జె సుయి… ప్రొఫెసర్ ద తెలుగు. శుక్రవారం దాకా.”

“‘శుక్రవారం దాకా’ నేను అడగలేదు.”

“కాలేజీ అడిగింది. చిత్రం చూడమ్మా, తెలుగులో ఈ క్రియే అక్కర్లేదు. ‘నేను లెక్చరర్ని’ అంటే చాలు, వాక్యం నిలబడుతుంది. ముప్ఫై ఏళ్ళు ‘ఉన్నాను, ఉన్నాను’ అని ఎవరికీ చెప్పుకోకుండానే ఉన్నాను. ఇప్పుడు చెప్పుకోవలసి వచ్చింది. అదీ ఫ్రెంచ్‌లో.”

“అసలు ఏం జరిగింది సార్? ఎనిమిదేళ్ళ తర్వాత మెట్లెక్కి వచ్చి, ‘శుక్రవారం లోపల ఫ్రెంచ్ కావాలి’ అన్నారు, అరలీటరు పాల ప్యాకెట్ అడిగినట్టు. ఒక ఫోనైనా చేయలేదు.”

“నీ నంబరు నాకేం తెలుసు? పుస్తకాల షాపు ఫిలిప్ చెప్పాడు, ‘మీ పాత స్టూడెంటేనండీ, గోడౌను మీద ఫ్రెంచ్ ట్యూషన్ చెప్తోంది’ అని. ఇవేనా నీ పని? ట్యూషన్లేనా?”

“సాయంత్రాలు ట్యూషన్లు. పగలు…”

“పగలు ఖాళీయే కదా, నా అదృష్టం. విను. అడ్మిషన్ల బ్రోచర్ అచ్చయి వచ్చింది. రెండో భాష అన్నచోట సంస్కృతం ఉంది, హిందీ ఉంది, ఫ్రెంచ్ ఉంది. తెలుగు లేదు.”

“లేదా?”

“లేదు. నేనేమనుకున్నాను? అచ్చుతప్పు అనుకున్నాను. ఎర్ర పెన్నుతో ‘తెలుగు’ అని చేర్చి, కింద ‘సవరణ’ అని రాసి, సంతకం పెట్టి, ప్రిన్సిపాల్ దుర్గాప్రసాద్ బల్ల మీద పెట్టి వచ్చాను.”

“అయ్యో సార్!”

“అయ్యో ఏముంది, ప్రూఫులు దిద్దడం అలవాటు. దుర్గాప్రసాద్ పిలిచాడు. నవ్వాడు. ‘నిరుడు మీ తెలుగు తీసుకుంది పదకొండు మంది సార్, ఈ ఏడు ముగ్గురు’ అన్నాడు. ఆ ముగ్గురిలో ఇద్దరు ఫారంలో పొరపాటున టిక్కు పెట్టారట. మార్చుకుంటాం అంటున్నారు.”

“మూడోవాడు?”

“వాడు నా అభిమాని. వాళ్ళ నాన్న ఒప్పుకోవట్లేదు.”

“నవ్వకూడదు సార్, కానీ…”

“నవ్వు. అందరూ నవ్వారు. కాదు, అదీ తప్పే, నవ్వలేదు. స్టాఫ్ రూంలో అందరికీ ఫిబ్రవరి నుంచే తెలుసు శాంభవీ. నాతోపాటు టీ తాగారు. నా పద్యాలు విన్నారు. భలే భలే అన్నారు. ఒక్కడు, ఒక్కడు కూడా చెప్పలేదు.”

“ఎందుకంటారు?”

“మర్యాదస్తులు. ఎదుటివాడి టీ చల్లారకూడదని.”

“మరి ఫ్రెంచ్ ఎక్కడినుంచి వచ్చింది?”

“దుర్గాప్రసాద్ పుర్రెలోంచి. ‘లాంగ్వేజ్ ఈజ్ లాంగ్వేజ్ సార్. ముప్ఫై ఏళ్ళు ఒకటి చెప్పినవాళ్ళకి ఇంకోటి ఎంత? సంస్కృతానికి మనిషి ఉన్నాడు, ఫ్రెంచ్ మీరు పట్టండి. శుక్రవారం డెమో. కుదిరితే మీకింకా మూడేళ్ళ సర్వీసు. కుదరకపోతే ఘనంగా సన్మానం.’ శాలువా కూడా కొని పెట్టారట.”

“మే నెలలో శాలువా.”

“విజయవాడలో. చంపడానికి అదొక పద్ధతి.”

“అమ్మగారికి చెప్పారా?”

“బాలసరస్వతికా? ‘పద్యపఠనం పోటీలకి జడ్జిగా పిలిచారు’ అని చెప్పి వచ్చాను. నాలుగు రోజులూ పోటీలే. ఇస్త్రీ చొక్కా ఇచ్చి పంపింది. నేను గెలిచి వస్తానో ఓడి వస్తానో ఆవిడకి తెలియదు, జడ్జిని కదా.”

“ఎనిమిదేళ్ళ క్రితం నేను తెలుగు మానేసి ఫ్రెంచ్‌కి మారిన రోజు గుర్తుందా సార్?”

“లేదే.”

“నన్ను నిలబెట్టారు. ‘శాంభవి గారు మార్కుల నిమిత్తం నేటినుంచి పరభాషా సేవకు తరలివెళ్తున్నారు, వారికి వీడ్కోలుగా చప్పట్లు’ అన్నారు.”

“అన్నానా?”

“కొట్టారు కూడా. అరవైమంది.”

“వాక్యం బాగానే కట్టానే.”

“చాలా బాగా కట్టారు. ఇప్పటికీ ఊడలేదు.”

“… అయితే కొట్టమ్మా. ‘విఠల్ గారు ఉద్యోగ నిమిత్తం తరలివెళ్తున్నారు.’ ఒక్కదానివే ఉన్నావు, చప్పుడు తక్కువైనా సర్దుకుంటాను.”

“చేతిలో సుద్దముక్క ఉంది సార్, తర్వాత చూద్దాం. ఇది చదవండి. లె, పక్కన అమి. స్నేహితుడు.”

“లె అమి.”

“కాదు. లమి. అచ్చు పక్కన అచ్చు వస్తే మొదటిది పోతుంది. లా, ఎకోల్, లెకోల్. బడి.”

“ఆగు, ఆగు. మేన, అల్లుడు, మేనల్లుడు! ఇది సంధే కదే! లోపసంధి! పూర్వ స్వరం లోపించింది! వీళ్ళకీ ఉందా?”

“ఉంది సార్. పోయిన అచ్చు చోట చిన్న కొక్కెం కూడా పెడతారు.”

“పోయినవాడికి గుర్తు పెడతారా? మర్యాద తెలిసిన భాష. మా బ్రోచర్‌లో అదీ పెట్టలేదు.”

“సంతోషం సరే, ఇప్పుడు అసలు కష్టం. చివరి హల్లు. రాస్తారు, పలకరు. పారిస్ కాదు, పారీ. చివరి ‘స’ ఉంటుంది, నోరు విప్పదు.”

“ఎందుకుంటుంది మరి?”

“ఉండాలి కాబట్టి.”

“మా స్టాఫ్ మీటింగే. నలభైమంది ఉంటారు. హాజరు వేస్తారు. శబ్దం ఉండదు.”

“ఇప్పుడు అవ్వార్. అంటే కలిగి ఉండటం. జే, నాకు ఉంది. తు ఆ, నీకు ఉంది. ఇలా.”

“ఎలా?”

“ఇలాగే సార్. ఇల్ ఆ. అతనికి ఉంది.”

“చూశావా, మనం ‘నాకు ఉంది’ అంటాం. వస్తువు వచ్చి మన దగ్గర ఉంటుంది, పోతే పోతుంది. వీళ్ళు అలా కాదు, ‘నేను కలిగి ఉన్నాను’ అని గట్టిగా పట్టుకుంటారు. ఉద్యోగం ఉంది, ఏమంటారు?”

“జే అఁ త్రవాయ్.”

“జే అఁ త్రవాయ్. జే అఁ త్రవాయ్. పలుకుతుంటేనే ధైర్యంగా ఉంది. సరే, ఇక ఈ చదువంతా పక్కన పెట్టు, నాకు కావలసింది ఇది. ఈ స్పైరల్ బైండింగులోంచే డెమో చెప్పాలట. నలభై పేజీలు.”

“ఏదీ… ఇది మీకెక్కడిది సార్?”

“కాలేజీ మెటీరియల్. పైన కాలేజీ బొమ్మ, లోపల డైరెక్టర్ గారి ఫొటో. రాసినవాళ్ళ పేరు మాత్రం లేదు.”

“పేరు వేయరు సార్.”

“నీకెలా తెలుసు?”

“ఎక్కడా వేయరు కదా. మీరు… మీరు ఏ కాలేజీలో ఉన్నారు ఇప్పుడు? నేను చదివినదాంట్లో కాదా?”

“అది ఎప్పుడో మూసేశారుగా. ఆరేళ్ళ కిందట, ఏడు బ్రాంచీలున్న ఈ కాలేజీల గొలుసులో పడ్డాను. గొల్లపూడి బాయ్స్ క్యాంపస్. ఈ మెటీరియల్ పటమట గర్ల్స్ క్యాంపస్‌ది. అక్కడి ఫ్రెంచ్ మేడం తయారుచేసిందట.”

“అలాగా.”

“ఈ ఘనకార్యం చూడు. ఫ్రెంచ్ మాట పక్కనే తెలుగు లిపిలో ఉచ్చారణ. ‘బొఁజూర్’కి అరసున్న పెట్టింది మహాతల్లి! అరసున్న! నేను బతిమాలినా ఎవరూ పెట్టని అరసున్నని తీసుకెళ్ళి ఫ్రెంచ్ వాడికి తగిలించింది.”

“తప్పా సార్?”

“తప్పని ఎవరన్నారు? ముక్కుతో పలికేదానికి అంతకంటే సరైన గుర్తు ఏదీ? తెలుగు శ్రద్ధగా చదువుకున్న మనిషే అయ్యుంటుంది. తర్వాత పాడైపోయింది.”

“పాడైపోయింది.”

“నేర్పినవాడెవడో గట్టివాడే.”

“గట్టివాడే సార్. చప్పట్లు కొట్టించే రకం అయ్యుంటాడు.”

“ఏమిటీ?”

“ఏం లేదు. ఆ మేడం మానేస్తోందా?”

“మానేయడం లేదు. మానిపిస్తున్నారు. ఆవిడకింకా తెలియదు.”

“తెలియదా.”

“అదే కదా తమాషా. రెండు క్యాంపస్‌లకీ కలిపి నేనొక్కణ్ణే. బస్సులో అటూ ఇటూ తిరగాలి. ఆవిడకేమో ‘జూన్ ఒకటిన వచ్చేయండి’ అన్నారట. కొత్త టైంటేబుల్ కూడా ఆవిడ చేతే వేయించారట. ఇంకా ఉంది, విను. శుక్రవారం నా డెమోకి పానెల్‌లో కూర్చునేది ఎవరనుకుంటున్నావు?”

“ఎవరు?”

“ఆవిడే! ‘కొత్త బ్రాంచికి ఎవరో వస్తున్నారు, మీరొక్కరే సబ్జెక్టు తెలిసినవారు, చూసి సంతకం పెట్టండి’ అన్నారట. తన టీసీ మీద తనే సంతకం! దుర్గాప్రసాద్ ఈ ముక్క చెప్పి ఎంత నవ్వాడో. నాకూ ఆగలేదు.”

“శుక్రవారం. పదింటికి.”

“నీకెలా తెలుసు?”

“డెమోలు ఎక్కడైనా పదింటికే కదా సార్.”

“నీకు నవ్వు రాలేదా?”

“వచ్చింది. నవ్వాను. చివరి హల్లులాగా.”

“అదేమిటి, మొహం అలా పెట్టావు? ఉక్కగా ఉందా? ఆ ఫాను పెంచనా?”

“ఫాను అంతే తిరుగుతుంది సార్. ఒక మాట రాసుకోండి. లా విక్తిమ్. బాధితుడు.”

“‘లా’ అన్నావు. బాధితురాలు అనాలి.”

“ఎవరైనా సరే ‘లా’ నే. మగవాడు దెబ్బతిన్నా స్త్రీలింగమే.”

“అన్నీ ఆలోచించే పెట్టుకున్నారే.”

“ఆ మేడం పేరేమిటి సార్?”

“పేరెవరికి తెలుసు? మా దగ్గర పేర్లుంటాయా? మ్యాథ్స్ బి సార్, బోటనీ మేడం, తెలుగు సార్. నా పేరు విఠల్ అని హాజరు పట్టీకి తెలుసు, నీకు తెలుసు. ఆవిడ గర్ల్స్ ఫ్రెంచ్.”

“ఆవిడకి ఎవరూ చెప్పరా?”

“ఎవరు చెప్తారు?”

“మీకు తెలుసు కదా.”

“నాకు తెలిసి? నాకు తెలిసి ఏం? ఆవిడెవరో నాకు తెలియదు. నేనెవరో ఆవిడకి తెలియదు. శుక్రవారం నమస్కారం పెట్టుకుంటాం. జె సుయి అంటాను, వు జెత్ అంటుంది.”

“సంతకం పెట్టి ఇంటికి వెళ్తుంది.”

“వెళ్తుంది.”

“జూన్ ఒకటిన బస్సు దిగి గేటు దాకా వస్తుంది. వాచ్‌మన్ చెప్తాడు.”

“… వాచ్‌మన్ మంచివాడే.”

“మీకు బ్రోచర్ చెప్పినట్టు.”

“అది వేరు.”

“ఎలా వేరు సార్? ఫిబ్రవరి నుంచి అందరికీ తెలుసు, ఒక్కడు కూడా చెప్పలేదన్నారు. ఇప్పుడు ఆ స్టాఫ్ రూంలో మీరూ ఒక కుర్చీ వేసుకున్నారు. టీ కూడా తెప్పించమంటారా?”

“శాంభవీ.”

“లా షేజ్. స్త్రీలింగం.”

“నీకేం తెలుసు? చెప్తే ఏమవుతుంది? చెప్తే ఆవిడ సంతకం పెట్టదు. సంతకం లేకపోతే ఫ్రెంచ్ లేదు. ఫ్రెంచ్ లేకపోతే శుక్రవారం సాయంత్రమే శాలువా. నా శాలువా నేనే నేసుకుని, నేనే మడత పెట్టి, నేనే కప్పుకున్నట్టు. ఏభై ఏడేళ్ళ వయసులో ఎవరు పిలుస్తారు నన్ను? ఏ కాలేజీకి కావాలి తెలుగు? బాలసరస్వతికి ఎన్ని పోటీలని చెప్పను?”

“నిజమే సార్.”

“నిజమే కదా?”

“నిజమే. చెప్పకండి. ఇరవయ్యో పేజీ తీయండి. సంఖ్యలు. అఁ, దు, త్రువా…”

“అఁ. దు. త్రువా.”

“కత్ర్.”

“కత్ర్… ఈ ఇరవయ్యో పేజీలో అంచున రాసిందేమిటి? అచ్చు కాదు, చేతిరాతే జిరాక్సులో పడింది. ‘పిల్లలు ఇక్కడ భయపడతారు. నెమ్మదిగా చెప్పాలి.’ ఎవరికి రాసింది ఇది?”

“తనకే రాసుకుని ఉంటుంది.”

“నెమ్మదిగా చెప్పాలి.”

“సెఁక్, సీస్…”

“ఆపమ్మాయ్. నేను ఏ పిల్లలకి నెమ్మదిగా చెప్పాను? నిలబెట్టి చప్పట్లు కొట్టించాను. ఈవిడని తీసేసి నన్ను పెడుతున్నారా? నాలుగు రోజుల ఫ్రెంచ్‌తో?”

“సబ్జెక్టు సబ్జెక్టే కదా సార్. లాంగ్వేజ్ ఈజ్ లాంగ్వేజ్.”

“ఎత్తిపొడవకు. నా ఫోను ఏదీ? ఆ పుస్తకం కింద ఉంది, ఇలా ఇవ్వు.”

“ఎవరికి?”

“ఆఫీసు క్లర్కుకి… హలో, రాంబాబూ! నేనయ్యా, విఠల్‌ని… విఠల్ అంటే ఎవరేమిటి, తెలుగు సార్‌ని!… ఆ. గర్ల్స్ క్యాంపస్ ఫ్రెంచ్ మేడం నంబరు కావాలి… ఎందుకంటే కావాలి, డెమో పని మీద… పేరు నీకూ తెలియదా?… సరే, పెట్టు.”

“ఇస్తాడా?”

“ఇచ్చాడు. ‘గర్ల్స్ ఫ్రెంచ్’ అని దాచుకున్నాడట. నన్ను ‘బాయ్స్ తెలుగు’ అనే దాచుకుని ఉంటాడు. ఆరేళ్ళుగా ఒకే ఆఫీసు!”

“సార్, ఒకసారి ఆలోచించుకోండి. మూడేళ్ళ సర్వీసు.”

“ఆలోచిస్తే చేయను. ఫిబ్రవరి నుంచి వాళ్ళంతా ఆలోచిస్తూనే ఉన్నారు.”

“చెప్పాక వెనక్కి తీసుకోలేరు.”

“తెలుసు. మాట్లాడకు. నొక్కాను.”

“సార్…”

“ష్! వెళ్తోంది… ఏమని మొదలుపెట్టాలి? అమ్మా అననా, మేడం అననా? ‘నేను మీ ఉద్యోగానికి వస్తున్నవాణ్ణండీ’ అంటే జడుసుకుంటుందేమో… శాంభవీ, నీ ఫోను కాబోలు ఆ కిటికీలో మోగుతోంది, కట్టేయమ్మా, ఇక్కడ నాకు వినపడి చావట్లేదు.”

“కట్టేయను సార్. ఎత్తుతున్నాను… అలో. గర్ల్స్ క్యాంపస్ ఫ్రెంచ్ మేడంనండీ. చెప్పండి, వింటున్నాను.”